మిలాన్‌లో రెండేళ్లు

“మిలాన్‌లో రెండేళ్లు పనిచేశావా?”

ఆ ప్రశ్న వినగానే ఏసీ గదిలో భరద్వాజ్‌కి చెమట పట్టింది.

ఎదురుగా కూర్చున్న మేనేజర్‌ది అచ్చంగా ఆ ఊరే. పేరు బ్రూనో. అరవై దాటిన మనిషి. తెల్లటి మీసం, ఖంగుమనే గొంతు. సింగపూర్‌ రాఫెల్స్ ప్లేస్‌లో పన్నెండో అంతస్తు, కొత్త బల్లలు, కొత్త కుర్చీలు.

రెండువేల సంవత్సరం. కంప్యూటర్‌ని ముట్టుకున్న ప్రతివాడికీ ఉద్యోగం వస్తోందని అందరూ చెప్పుకునే రోజులు. భరద్వాజ్‌కి మాత్రం విజిట్ పాస్ గడువు మూడు రోజులే ఉంది, ఉద్యోగం ఇంకా రాలేదు.

రెజ్యూమేలో మిలాన్ అనుభవాన్ని పుట్టించినవాడు రూమ్మేట్ సాయిబాబు. జురాంగ్ ఈస్ట్ ఫ్లాట్‌లో, ఒక్క పూటలో పుట్టించాడు.

“అమెరికా అంటే సగం మంది ఎళ్లొచ్చినోళ్లేరా. ఇటలీ పెట్టెయ్. ఎవడడుగుతాడు?”

అడిగేవాడు సరిగ్గా ఇక్కడే దొరికాడు.

అప్పటిదాకా కాగితం చూసి ప్రశ్నలడిగిన బ్రూనో, దాన్ని పక్కన పెట్టేశాడు. ముందుకి వంగి, “ఏ పేటలో ఉండేవాడివి?” అన్నాడు ఇంగ్లిషులో. తన ఊరు తెలిసినవాడు దొరికాడని ఆ కళ్లలో ఒకటే సంబరం.

ఆ సంబరం చూస్తూ అబద్ధమాడటం భరద్వాజ్ వల్ల కాలేదు.

“నేను మిలాన్ చూడలేదు సార్. ఇటలీయే చూడలేదు. ఆ రెండేళ్లూ మా తణుకులో ఖాళీగా ఉన్నాను.”

తల వంచుకున్నాడు. సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి. ఉద్యోగం వచ్చేసినట్టేనని పొద్దున్నే అక్కకి ఫోన్ చేశాడు. అక్క ఈపాటికి వీధంతా చెప్పేసి ఉంటుంది. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని వెళ్లాలి?

బ్రూనో మొహం కూడా ఎర్రబడింది.

బల్ల మీద భరద్వాజ్ ఒరిజినల్ సర్టిఫికెట్ల ఫైలు ఉంది. సెలెక్టయితే మూడేళ్ల బాండు పూర్తయ్యేదాకా అవి కంపెనీ దగ్గరే ఉంటాయని ముందే చెప్పారు. బ్రూనో ఆ ఫైలుని వెనక్కి తోశాడు.

“ఇవి తీసుకుని వెళ్లిపో.”

“తప్పయిపోయింది సార్. జావా మాత్రం నిజంగా వచ్చు. ఏదైనా అడగండి.”

“నేను అడగలేను.”

“ఒక్క ఛాన్స్ సార్!”

లేచి చేతులు జోడించాడు. ఇంత చదువు చదివి ఇలా బతిమాలుకోవాల్సి వచ్చిందని కళ్లనీళ్లు తిరిగాయి.

బ్రూనో తలుపు వైపు ఒకసారి చూశాడు. దగ్గరికొచ్చి, జోడించిన ఆ చేతుల్ని పట్టుకుని కిందికి దించాడు.

“సిగ్గుపడాల్సింది నువ్వు కాదు,” అన్నాడు గొంతు బాగా తగ్గించి. “నలభై ఏళ్లుగా నాటకాల్లో, సినిమాల్లో జడ్జీగా, డాక్టరుగా, చర్చి ఫాదరుగా రెండేసి నిమిషాల వేషాలు వేసిన నాకు దొరికిన మొట్టమొదటి పెద్ద వేషం, ఈ లేని కంపెనీకి మేనేజరు.”