మూల మడిచిన పేజీ

"ఛీ, వీడూ ఒక మనిషేనా," అంటూ తల్లి చదువుతున్న పాత నవలను మంచం మీదికి విసిరేసింది.

బట్టలు మడతపెడుతున్న కూతురు దాన్ని అందుకుంది. "పద్దెనిమిదేళ్లప్పుడు తిండీ నిద్రా మానేసి చదివానన్నావు, ఇదేనా?"

"ఇదే. ఈ హీరో నలుగురిలో పెళ్లాం చెంప ఛెళ్లుమనిపిస్తాడు. ఆ పిచ్చిది ఏడ్చి, మళ్లీ వాడి గుండెల మీదే వాలిపోతుంది. చదువుతుంటే కంపరం పుట్టింది."

"మరి సరిగ్గా ఆ పేజీకే మూల మడిచిందెవరు?"

"నేనే. అప్పట్లో అదే ప్రేమనుకున్నాను. చేసుకుంటే ఇలాంటివాణ్నే చేసుకోవాలనుకున్నాను."

కూతురు తలెత్తకుండానే అంది, "చేసుకున్నావుగా."

పక్కగదిలోంచి భర్త కేకేశాడు. "కాఫీ ఎక్కడ చచ్చింది?"

తల్లి లేవలేదు. చెయ్యి మాత్రం తనకు తెలియకుండానే చెంప మీదికి వెళ్లింది.