మీ టేబుల్ మీ ఇష్టం

"ఏందీ మేడం, టేబుల్ మీద ఏం పెట్టలే?" హెచ్చార్ రాజేందర్ ఫోను పట్టుకుని నిలబడ్డాడు. "సాయంత్రంలోపు అందరి టేబుళ్ల ఫొటోలు హెడ్డాఫీసుకు పంపాలె. 'మీ టేబుల్ మీ ఇష్టం' అని సర్క్యులర్ సుత ఇచ్చినం గద."

"ఇదే నా ఇష్టం సార్," అంది దేవకృప, కంప్యూటర్ మీంచి చూపు తిప్పకుండా.

ఆ వరసలో మిగతా టేబుళ్లన్నీ రంగుదీపాలతో, మనీప్లాంట్లతో పెళ్లి స్టేజీల్లా ఉన్నాయి.

"జెర ఫ్యామిలీ ఫొటో అన్న పెట్టుండ్రి."

ఆమె కుర్చీకి తగిలించిన గుడ్డసంచి తెరిచి చూపించింది. భర్త ఫొటో, కాఫీ కప్పు, చిన్న బైబిలు.

"రోజూ మెట్టుగూడ నుంచి మోసుకొస్తరా? గిదేం తక్లీఫ్ మేడం!"

"పోయినేడు హరికిషన్ గారిని ఉద్యోగంలోంచి తీసేసినప్పుడు, ఆయన టేబుల్ ఖాళీ చేయడానికి ముప్పావుగంట పట్టింది. ఆరు పూలకుండీలు, దేవుడి పటాలు, కూతురు వేసిన బొమ్మలు. మేమంతా చూస్తూ కూర్చున్నాం. పక్కన అట్టపెట్టె పట్టుకుని నిలబడింది మీరే కదా సార్. నాకైతే రెండు నిమిషాలు చాలు."

ఆమె గొంతులో కోపం లేదు. మళ్లీ టైపు చేయడం మొదలుపెట్టింది.

రాజేందర్ ఫోను జేబులో పెట్టుకున్నాడు. అద్దాల గదిలో ఉన్న తన టేబుల్ వైపు చూశాడు. పెళ్లి ఫొటో, ఇత్తడి వినాయకుడు, కొడుకు గెలిచిన మూడు కప్పులు.

ఆమె వైపు తిరిగి మెల్లగా అడిగాడు.

"గీ సంచి ఎక్కడ కొన్నరు మేడం?"