తెలీబంధా చెరువులో ఎగిరే పళ్లెం

"ఈ క్రిస్మస్‌కైనా పక్కింటి ప్రకాశం అన్నయ్యగారిని భోజనానికి పిలుద్దామండీ," అంది భార్య.

"మన డాబా మీది కాగితం నక్షత్రాన్ని, లోపలి టార్చిలైటుతో సహా ఎత్తుకుపోయిన చోర్‌గాణ్నా? ఇరవై ఏళ్లయితే మాత్రం మర్చిపోతానా?" అన్నాడు సుందరరావు.

అంతలో చెరువు చుట్టుపక్కల ఇళ్లన్నీ వాకబు చేస్తూ ఓ పరిశోధకుడు వచ్చాడు. ఇరవై ఏళ్ల కిందటి డిసెంబరులో, ఈదురుగాలి వీచిన సాయంత్రం, తెలీబంధా చెరువులో ఎగిరే పళ్లెం కూలిందని పేపర్లో పడిందట. అప్పుడు చూసినవాళ్లు గీసిన బొమ్మ చూపించాడు.

ఎర్రటి ఐదు మొనలు, లోపల వెలుగు, కింద వేలాడుతున్న తాడు.

"ఏవండీ, ఇది మన..."

"నువ్వెళ్లి చాయ్ పెట్టు!"

భార్య లోపలికెళ్లాక సుందరరావు పక్కింటి గోడకేసి చూసి, గొంతు తగ్గించాడు.

"పక్కా ఎగిరే పళ్లెమే, భాయీసాబ్! నా కళ్లతో చూశాను. రాసుకోండి."