కరిగిన పోగు

భూమిక అగ్గిపుల్ల గీసినప్పుడు కూడా సిద్ధేశ్ నవ్వుతూనే ఉన్నాడు.

బెంగళూరు కంపెనీ తరఫున ఏడాది ఆర్డరు ఖాయం చెయ్యడానికి వచ్చిందామె. కౌల్ బజార్ సందులో కారు పట్టక, మలుపు దగ్గర ఆటో ఎక్కి షెడ్డు ముందు దిగింది.

బళ్లారిలో జీన్స్ ప్యాంట్లు కుట్టే షెడ్లకు కొదవ లేదు. కానీ అరటినారను పత్తితో కలిపి నేసిన గుడ్డతో కుట్టేది సిద్ధేశ్ ఒక్కడే. గెలలు కోసుకున్నాక తోటల్లో పారేసిన అరటిబోదెల్ని కంప్లి వైపు ఆడవాళ్లు గీకి నార తీస్తారు. అది మిల్లుకు పోయి దారమై తిరిగొచ్చి, వెనక షెడ్డులోని రెండు మగ్గాల మీద సిద్ధేశ్ చేతిలోనే గుడ్డవుతుంది. ప్రతి ప్యాంటుకూ ఒక చీటీ వేలాడుతుంది. ఇందులో ప్లాస్టిక్ లేదు, పాతబడ్డాక మట్టిలో వేస్తే మట్టిలో కలిసిపోతుంది అని ఉంటుంది దాని మీద. పక్కనే నార గీకుతున్న హులిగెమ్మ బొమ్మ.

హులిగెమ్మ సిద్ధేశ్‌కు చిన్నమ్మ. తల్లి పోయేనాటికి అతను ఇంకా పాలు మానలేదు. పసివాణ్ణి చంకనేసుకుని పత్తి చేలకు కూలికి పోయి సాకింది. తను పెళ్లి మాటే ఎత్తలేదు. అరటినార తీద్దామని అతను అంటే, ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్లను కూడగట్టింది కూడా ఆమే. చీటీ మీద తన బొమ్మ చూసిన రోజు కొంగు అడ్డం పెట్టుకుని చాలాసేపు నవ్వుకుంది. ఈ మధ్య మాత్రం షెడ్డుకు వస్తే నిలవడం లేదు. మూటలు దించి, మంచినీళ్లు తాగి వెళ్లిపోతోంది.

బల్ల మీద సిద్ధేశ్ పరిచి ఉంచిన గుడ్డను భూమిక ముట్టుకోలేదు. నేరుగా వెనక గోడ దగ్గరికి నడిచింది. పేర్చిన థాన్లలో అన్నిటికన్నా అడుగున ఉన్నదాన్ని లాగించింది. అంచులోంచి ఒక పోగు పీకి, నిప్పు అంటించింది.

నార అయితే కాగితంలా కాలి బూడిదై రాలాలి. ఆ పోగు ముడుచుకుంది. కరిగి, నల్లటి పూసలా గట్టిపడింది. షెడ్డంతా ప్లాస్టిక్ కమురు వాసన.

కుట్టుమిషన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

భూమిక గొంతు పెంచలేదు. ఇంకో థాను తీయించింది. అదీ అంతే. కంపెనీ ఇక ఈ ప్యాంట్లు కొనదని చెప్పి, బయట ఆగి ఉన్న ఆటోలోనే వెళ్లిపోయింది.

సిద్ధేశ్ స్టూలు మీద కూలబడ్డాడు. ఇది బయటివాళ్ల పని కాదు. వెనక షెడ్డులోకి వచ్చి పోయేది తను, టైలరు మాస్టరు మౌనేష్, నార మూటలతో వచ్చే చిన్నమ్మ. నాలుగో మనిషి లేడు.

మౌనేష్‌ను పక్కకు పిలిచి నిలదీశాడు. అతను పిల్లల మీద ఒట్టేశాడు. కుట్టడం తప్ప మగ్గాల సంగతే తనకు తెలియదన్నాడు. ముఖం చూస్తే అబద్ధమాడుతున్నట్టు లేదు.

ఇక మిగిలింది ఒక్కరే.

బండి తీసి కంప్లి దారి పట్టాడు. నేను కాదప్పా అని ఆమె ఒక్క మాట అంటే చాలు, నమ్మేద్దామనుకున్నాడు.

హులిగెమ్మ కాలువలో నార జాడిస్తోంది. అరటి కసరుకు ఆమె వేళ్లు నల్లబడి ఉన్నాయి. అతన్ని చూసి పని ఆపింది కానీ, నీళ్లలోంచి బయటికి రాలేదు.

"చిన్నమ్మా, ఈ పని చేసింది నువ్వేనా?"

"నేనేనప్పా."

అంత సులువుగా ఒప్పుకుంటుందని అతను అనుకోలేదు. గట్టు మీద చతికిలబడ్డాడు.

"ఎందుకు చేస్తివి?"

"నా మొగం చూపిచ్చి అమ్ముతాంటివి గదా. ఓర్చుకోలేకపోతిని."

"అంత కష్టమనిపిస్తే నాకు చెప్పకూడదా?"

"శానాసార్లు చెప్తిని. నువ్వు ఇనుకుంటే గదా."

ఇంతమంది ఆడవాళ్ల నోటికాడి కూడు తీశావన్నాడు. తెలుసన్నది హులిగెమ్మ. ఆమె కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. తుడుచుకోలేదు. నార పిండి, గట్టు మీద పరిచింది. పొద్దున్నుంచి ఏమీ తిన్నట్టు లేవు, ఇంత బువ్వ తిని పో అంది.

అతను బండి తిప్పుకుని వచ్చేశాడు. ఆమె చేతి ముద్ద వద్దని లేవడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు.

అప్పటికే సంగతి కౌల్ బజార్ అంతా పాకింది. గుండీల అంగడి వీరభద్రప్ప టీ తెప్పించి, పక్కన కూర్చున్నాడు. ఎవరి పని అని మెల్లగా అడిగాడు.

"మా చిన్నమ్మ," అన్నాడు సిద్ధేశ్.

వీరభద్రప్ప టీ గ్లాసు పక్కన పెట్టాడు. తర్వాత అతని భుజం మీద చెయ్యి వేశాడు.

"సొంతోళ్లే ఇట్ల చేస్తే ఇంగ ఎవుర్ని నమ్మేదప్పా."

సిద్ధేశ్ తలాడించాడు. ఏడుపు ఆగలేదు.

చాటుగా మగ్గాలకు ప్లాస్టిక్ దారం ఎక్కిస్తూ తను ఆమె కంటపడినా, ప్రాణం పోయినా బయటపెట్టదని నమ్మిన మనిషి, బెంగళూరుకు ఫోను చేసి ఏ థానులోంచి పోగు లాగాలో కూడా చెప్పేసింది.