కడుపులో డ్రైవరమ్మ

"కుడివైపు సిగ్నల్ వెయ్యి," అన్నాడు హాల్వర్డ్.

కూతురు సిన్నోవా చెయ్యి కదిపింది.

"నిన్ను కాదమ్మా. దాన్ని."

సిన్నోవాకు నిండు నెలలు. స్టీరింగు వెనక ఎలాగో ఇరుక్కుని కూర్చుంది. పరీక్ష ఆమెకు కాదు, కడుపులో ఉన్న పాపకు. పాప ఎటు తంతే అటు సిగ్నల్ వేసినట్టు లెక్క. ఆదివారం కావడంతో నార్వేలోని ఒలెసుండ్ రేవు పక్కన కార్లు నిలిపే చోటు ఖాళీగా ఉంది. అందులో వాళ్ళ పాత వోల్వో నత్తలా పాకుతోంది.

హాల్వర్డ్ డ్రైవింగ్ పరీక్షలు పెట్టే అధికారిగా రిటైరయ్యాడు. సొంత అల్లుణ్ణే మూడుసార్లు ఫెయిల్ చేసిన మనిషి. ఆ అల్లుడు ఐవిన్ ఇప్పుడు వెనక సీట్లో ఉన్నాడు. పక్కన ఆస్పత్రి పాస్టరమ్మ గున్వోర్. కొన్నాళ్ళుగా వీళ్ళింటికి వచ్చిపోతోంది. పాపకు ఎవరేం నేర్పాలనుకుంటే అది నేర్పెయ్యమని సలహా ఇచ్చింది ఆవిడే. నిన్న ఐవిన్ చేపలు పట్టడం నేర్పాడు. పొట్టకు గాలం ఆనించుకుని సిన్నోవా హాయిగా నిద్రపోయింది. ఇవాళ తాతయ్య వంతు.

పాప ఎడమవైపు తన్నింది.

"కుడి అంటే ఎడమ వేసింది. ఫెయిల్," అన్నాడు హాల్వర్డ్, అలవాటుకొద్దీ.

"నామీద చూపించని దయ మనవరాలి మీదైనా చూపించండి మామయ్యా," అన్నాడు ఐవిన్.

పాస్టరమ్మ వకాల్తా పుచ్చుకుంది. పాప తలకిందులుగా ఉంది కాబట్టి దాని కుడి మనకు ఎడమవుతుందని వాదించింది. రూల్సులో అలాంటిదేమీ లేదని హాల్వర్డ్ గొణిగాడు. గొణిగి, ఒప్పుకున్నాడు.

ఆఖరున కారు వెనక్కి పెడుతూ సిన్నోవా ప్లాస్టిక్ కోను మీదికి ఎక్కించేసింది. ఫట్‌మంది. అందరూ బిక్కచచ్చి పెద్దాయన వైపు చూశారు.

"కోనా? నాకేం కనపళ్ళేదే," అన్నాడాయన. "పాస్."

ఐవిన్ ఈలవేశాడు. సిన్నోవా నవ్వలేక పొట్ట పట్టుకుంది. పాస్టరమ్మ ఏకంగా వెనక నుంచి చెయ్యి చాపి హారన్ మోగించింది.

ఆ మోతకి, కుక్కను తిప్పుతున్న పక్కింటి బోదిల్ వచ్చి కిటికీలోంచి తొంగిచూసింది. సంగతి విని విరగబడి నవ్వింది.

"ఇంత తొందరేమిటయ్యా హాల్వర్డ్? పద్దెనిమిదేళ్ళు ఆగలేవా?"

"ఆగలేను," అన్నాడు హాల్వర్డ్, కారు అద్దం తుడుస్తూ.

ఇంటికెళ్ళి లైసెన్సు వచ్చినందుకు అందరూ జామ్ పూసుకుని వాఫుల్స్ తిన్నారు. కడుపులో ఉన్నదాని వాటా కూడా సిన్నోవాయే తినేసింది.

ఆ వారంలోనే పుట్టిన పాప, తాతయ్య వేలు పట్టుకుని, డాక్టర్లు నెలల కిందటే చెప్పినట్టు ఒక్క పూటే బతికింది.