తిప్పమ్మ నడుము

"మొగుడు బతికుండంగానే చచ్చినోళ్ల మాదిరి పండుకున్యావేందే? లెయ్ పైకి!"

బడి వరండాలో కళ్లు మూసుకుని వెల్లకిలా పడుకున్న తిప్పమ్మ ఉలిక్కిపడి లేవబోయింది. నడుములో కలుక్కుమంది. గోడ పట్టుకుని మెల్లగా కూర్చుంది. పక్క చాపల మీది ఆడవాళ్లు గబగబా కొంగులు సర్దుకున్నారు. ఎదురుగా ఆమె మొగుడు ఓబుళేసు నిలబడి ఉన్నాడు.

"అది శవాసనమప్పా. ఆసనాలన్నీ అయినంక ఒళ్లు సడలించేది," అన్నాడు నారాయణప్ప సారు. బుక్కరాయసముద్రంలో డ్రిల్లు మాస్టరుగా చేసి రిటైరైన మనిషి. ఎండాకాలం మొదట్నుంచీ పొద్దున బస్సుకు వచ్చి, ఊళ్లో నొప్పులున్నవాళ్లకు ఊరికే యోగా నేర్పిస్తున్నాడు.

"ఒళ్లు సడలించేదానికి ఇంట్లో మంచం లేదా సార్? మగోని ముందర ఆడది ఇట్ల పండుకుంటే ఊరోళ్లు నా మొగాన ఉమ్మరా?"

తిప్పమ్మకు రోషం వచ్చింది. ఏడాదికి పైగా ఆ నడుము ఆమె మాట వినడం లేదు. వంగితే లేవలేదు, లేస్తే వంగలేదు. చెనక్కాయ చేలో కలుపు తీయడానికి కూర్చుంటే ఇద్దరు పట్టి లేపాలి. అనంతపురం డాక్టరిచ్చిన మాత్రలు నొప్పినేమో గానీ కడుపును కాల్చిపెట్టాయి.

"ఉమ్మితే ఉమ్మనీ! నొప్పి ఊరోళ్లకుండాదా, నాకుండాదా? రాత్రంతా నేను మూలుగుతాంటే గోడ పక్కకు తిరిగి పండుకుంటివే, యాడ నొస్తాందని ఒగ పొద్దన్నా అడిగితివా?"

నలుగురి ముందు ఆ మాట తగిలేసరికి ఓబుళేసు చెయ్యి లేచింది. సారు మధ్యలోకి వచ్చాడు.

"కొడితే నడుం బాగైతుందా ఓబుళేసూ? వానలు పడేదాంక పంపించు. మాన్పించేది ఆపైన చూస్తువు."

ఓబుళేసు చెయ్యి దిగింది. పెళ్లాన్ని చూశాడు, సారును చూశాడు.

"నిజంగా బాగైతుందా సార్? అంటే... ముందటి మాదిరి? కష్టం చేసుకునేటట్ల?"

"ఓపిగ్గా చేస్తే ఎందుకు కాదప్పా!"

ఓబుళేసు తువ్వాలు దులిపి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు తెల్లవారి తిప్పమ్మను అతనే లేపాడు. "లెయ్, బస్సొచ్చే పొద్దైంది." పొయ్యి మీద నీళ్లు కాగుతున్నాయి. ఎగతాళి చేస్తున్నాడేమోనని ఆమె అతని ముఖం వైపు చూసింది. ఎగతాళి కాదు.

ఆ రోజు నుంచి బోరింగు దగ్గరకు బిందెలు పట్టుకుని అతనే పోయాడు. "ఏమప్పా ఓబుళేసూ, చీర గూడా కట్టుకోగూడదా?" అని జనం నవ్వితే తనూ నవ్వి ఊరుకున్నాడు. సాయంత్రం ఇంటికి రాగానే మొదటి మాట అదే: "ఈ పొద్దు ఎట్లుండాది? వంగితే పట్టేస్తాందా?"

చేసి చూపించమనేవాడు. ఆమె బోర్లా పడుకుని, అరచేతులు నేలకానించి పాము పడగలా ఛాతీ పైకెత్తేది. అతను గడప మీద కూర్చుని, బీడీ ఆరిపోయిందన్న ధ్యాస కూడా లేకుండా చూసేవాడు. "ఇంగొంచెం... ఆ, నిన్నటికంటే మేలే."

"ఎంత పుణ్యం చేసుకుంటివే! మా మొగుళ్లూ ఉండారు ఎందుకూ?" అనేవాళ్లు తోటి ఆడవాళ్లు. తిప్పమ్మ తల వంచుకుని నవ్వుకునేది. వరండాలో తను అన్న మాటలు గుర్తొస్తే ఆమెకే గుచ్చుకునేవి. నోరు పారేసుకుంటినే, మనిషిని అర్థం చేసుకోలేకపోతినే అనుకునేది.

ఊళ్లో గంజి కేంద్రం పెట్టిన కరువు ఏడాది అది. వాన ఆలస్యంగా వచ్చి, నేల తడిపి వెళ్లిపోయింది. గడ్డి లేక ఎద్దులు బక్కచిక్కితే, అరువు ట్రాక్టరుతో ఎలాగో విత్తనం పడింది. చెనక్కాయ జానెడు లేచేసరికి కలుపు దాన్ని మించిపోయింది.

ఒకరోజు తిప్పమ్మ నిండు బిందె ఎత్తి చంకన పెట్టుకుంది. నొప్పి లేదు! ఏడుపూ నవ్వూ కలిసి వస్తుంటే బిందెతోనే మొగుడి దగ్గరకు పరుగెత్తింది.

"చూడు, చూడు! ఏం కాలేదు!"

"నిజమేనా? ఏదీ, దింపి ఇంగొగసారి ఎత్తు."

ఎత్తింది. ఓబుళేసు తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ బయటికి నడిచాడు. తన కోసం కన్నీళ్లు పెట్టుకున్నాడని ఆమె పొంగిపోయింది.

రెండు రోజులు గడిచాక, "రేపు యోగాకు వద్దులే. చేనికి రా, గుంటక తోలి కలుపు తీయల్ల," అన్నాడు.

పొద్దున ఆమె లేచేసరికి అతను లేడు. కొట్టంలో ఎద్దులూ లేవు. గుంటకకు కట్టడానికి ముందే తోలుకుపోయాడనుకుని, సంగటిముద్ద, ఉల్లిగడ్డ మూటగట్టుకుని బయల్దేరింది. చేను దాకా ఎక్కడా ఆగకుండా, నడుం మీద చెయ్యి వేయకుండా నడిచింది. పెళ్లైన కొత్తలో నడిచినట్టుంది ఆమెకు.

సాళ్ల నడుమ గుంటక పెట్టి ఉంది. ఓబుళేసు గట్టు మీద కూర్చుని ఉన్నాడు. తిప్పమ్మ చుట్టూ చూసింది.

"ఎద్దులు యాడ?"

"బేరగాడు తోలుకపోయినాడు." అతను తలెత్తలేదు. "గడ్డి లేదు, నీళ్లు లేవు. ఇంగ కొన్నాళ్లుంటే కొట్టంలోనే చచ్చిపోతాండె."

"అయ్యో! మరి గుంటకెట్ల?"

ఓబుళేసు లేచాడు. ఆమె చేతిలోని మూట తీసి గట్టున పెట్టాడు. గోనెసంచి మెత్తగా మడిచి ఆమె భుజం మీద వేశాడు. దాని మీదుగా గుంటక తాడు తెచ్చి, ఒరుసుకోకుండా జాగ్రత్తగా సర్దాడు. వెనక్కి పోయి మేడి పట్టుకున్నాడు.

"బేరగాడు ఎండాకాలంలోనే అడిగినాడు," అన్నాడు మెల్లగా. "నీ నడుం బాగయ్యేదాంక నేనే ఇయ్యలేదు."