పొద్దున వేసిన చేపలు

"అగ్గో, గటు సూడు బిడ్డా, డాల్ఫిన్లు," అంటూ విఠల్ ఎనిమిదేళ్ల రుచితను బోటు అంచు దగ్గరికి ఎత్తి పట్టుకున్నాడు.

ఇస్నాపూర్ దగ్గరి మందుల ఫ్యాక్టరీలో మురుగునీళ్లు శుద్ధి చేసే చోట అతని పని. ఈసారి తనిఖీ బాగా జరిగిందని మేనేజరు శ్రావణ్‌కుమార్ పనివాళ్లను ఇంటివాళ్లతో సహా గోవా తీసుకొచ్చాడు. ముందు వరసలో నిలబడి వీడియో తీస్తున్నది ఆయనే.

రెండు నల్లటి వీపులు నీళ్లలోంచి లేచి మునిగాయి. బోటంతా చప్పట్లు కొట్టింది. రుచిత కొట్టలేదు.

"వీటిని పొద్దుగాల్నే ఏసిండ్రా డాడీ?"

"ఎవరేస్తరు? అవి సముద్రంలనే ఉంటయి."

"మనం వస్తున్నమని ఏసిండ్రేమో. చెకింగ్ సార్లు వచ్చే రోజు నువ్వు కంపెనీ ట్యాంకుల కొత్త చేపలు ఏస్తవు గద. మొన్న బండి మీద చేపల కవరు నేనే పట్టుకున్న."

విఠల్ గొంతు తగ్గించాడు. "అది వేరే. నీళ్లు మంచిగున్నయని సూపెట్టనీకి ఏస్తం."

"ఇవి గూడ సూపెట్టనీకేనా?"

"కాదు బిడ్డా. ఇవి నిజంగనే బతుకుతున్నయి."

ముందు వరసలో ఫోను కిందికి దిగింది. మేనేజరు వెనక్కి తిరగలేదు.

రుచిత వంగి నీళ్లలోకి చాలాసేపు చూసింది.

"మరి చచ్చినయి ఏడ పారబోసిండ్రు?"

ట్యాంకులో చచ్చే చేపల సంగతి విఠల్ ఇంట్లో ఏనాడూ ఎత్తలేదు.